కవ్వం ఆగినంతసేపు

మా ఆయన పోయాక నేనెలా ఉన్నానని అందరూ అడుగుతుంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు. పంటి డాక్టరు సూది పొడిచాక బుగ్గ ఎలా ఉంటుంది? నొక్కితే నొక్కినట్టు తెలుస్తుంది, నొప్పి మాత్రం తెలియదు. మనిషి మొత్తం అలా అయిపోయాను. పలకరించడానికి వచ్చినవాళ్ళు కాసేపు నా మొహంలోకి చూసేవాళ్ళు. తమకి కావలసింది అక్కడ దొరక్క మా అత్తయ్య దగ్గరికి జరిగేవాళ్ళు. "దిగమింగుకుంటోంది పాపం" అని ఒకావిడ అంటే, "ఏమోనమ్మా, గట్టి గుండె" అని ఇంకొకావిడ అంది. ఆవిడ అన్న తీరులో మెచ్చుకోలేం లేదు.

ఇంట్లో కూర్చుని వాళ్ళ కళ్ళకి జవాబు చెప్పుకోలేక పనిలోకి వచ్చేశాను. అప్పుడేనా అన్నారు. అరుగుదల పరీక్ష చెయ్యడానికి మిషన్ బాగుంటే చాలు, మనిషి బాగుండాలని ఎక్కడా రాసిలేదు.

మా ఫ్యాక్టరీలో బ్రేకు డిస్కులు పోస్తారు. ఇనుపవి కావు. అల్యూమినియం కరిగించి, సానరాళ్ళు చేసే గట్టి పొడి అందులో కలిపి అచ్చుల్లో పోస్తారు. అల్యూమినియం తేలిక, వేడిని ఇట్టే వదిలేస్తుంది, కానీ మెత్తన. ఒక్కదాన్నే బ్రేకు ప్యాడ్ కింద పెడితే గీసుకుపోయి, అంటుకుపోయి, నానా రభస చేస్తుంది. పొడి ఏమో రాపిడికి లొంగదు గానీ, దానికదిగా ఉంటే గుప్పెడు దుమ్ము. రెండూ సమంగా కలిశాయా, ఇనుముకి పాఠం చెబుతాయి. సమంగా కలవడంలోనే ఉంది తంటా అంతా. పెళ్ళిలో లాగానే అనేవాడు మా ఆయన. అన్న వెంటనే నా వైపు చూసేవాడు కాదు, తెలివైనవాడు.

ఆ కలపడమే ఆయన పని. ఫర్నేసులో కుండ, కుండలో కరిగిన లోహం, పైన మోటారు, దాన్నుంచి వేలాడే కడ్డీ, కడ్డీ చివర రెక్కలు. దాని అసలు పేరు ఏదైనా, మా షెడ్డులో అందరూ కవ్వం అనే అంటారు. కవ్వం గిరగిరా తిరుగుతుంటే లోహం మధ్యలో సుడి లేస్తుంది. వేడి చేసిన పొడిని ఆ సుడిలో కొంచెం కొంచెంగా పొయ్యాలి. కవ్వం చూసుకునేది మా ఆయన, పొడి పోసేది మా మరిది. పోతపోసి చల్లారాక ముక్కలు కోసి, వాటిని తిరిగే ఉక్కు పళ్ళానికి అదిమి, ఎంత అరిగాయో తూచి చెప్పేది నేను. అన్నదమ్ములిద్దరూ చేసినదానికి వంక పెట్టినందుకు జీతం తీసుకునే వదిన నేనొక్కదాన్నేనని మా మరిది అందరికీ చెప్పేవాడు.

ఆ షెడ్డులో ఒకటే పెద్ద నియమం. పొడి కుండలో పడ్డాక, అచ్చుల్లోకి వంచేదాకా కవ్వం ఆగకూడదు. పొడి లోహం కన్నా బరువు. కవ్వం ఆగిందా, చప్పుడు చెయ్యకుండా అడుక్కి దిగుతుంది. అప్పుడు ముందు పోసిన డిస్కులకి పైనున్న వట్టి అల్యూమినియం వస్తుంది, చివర పోసినవాటికి వట్టి గరుకు వస్తుంది. ఒకటి వెన్నలా అరుగుతుంది, ఇంకోటి ప్యాడ్‌ని నమిలేస్తుంది. కవ్వం ఆపినవాడు మర్నాడు పనిలోకి రానక్కర్లేదు. మా ఆయన పెళ్ళిచూపులకి కూడా కవ్వాన్ని తమ్ముడికి అప్పజెప్పి, "ఆపావో, పిల్ల నచ్చినా నచ్చకపోయినా వచ్చి నీ తాట తీస్తా" అని చెప్పి మరీ వచ్చాడట.

ఆయన పోయింది ఆ కవ్వం దగ్గరే. ఎలా పోయాడో మా మరిది అందరికీ చెప్పాడు, నాకు మళ్ళీ విడిగా చెప్పాడు. "బల్ల మీద కూర్చున్నాడు వదినా. అలా కూర్చున్నవాడు నా భుజం మీద ఒరిగిపోయాడు. కేకేశాను. అంతే. అన్నయ్య ఒక్క క్షణం కూడా ఒంటరిగా లేడు." ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయిందన్నారు.

ఒక్క క్షణం కూడా ఒంటరిగా లేడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఉన్నాను నేను. మిగతావన్నీ ఎవరికో జరిగినట్టు దూరంగా ఉన్నాయి గానీ, ఆ మాట మాత్రం చేతికి అందేది. పళ్ళు తోముకుంటున్నప్పుడు, గిన్నె కడుగుతున్నప్పుడు దాన్ని ఒకసారి తడిమి చూసుకునేదాన్ని.

అలా ఉండగా ఒకరోజు పొద్దున్నే మా మేనేజరు నా గది గుమ్మంలో నిలబడ్డాడు. ప్రతి మాటకీ ముందు "వీలైతే" పెడతాడు కాబట్టి షెడ్డంతా ఆయన్ని 'వీలైతే' అనే పిలుస్తుంది, ఆయనకీ తెలుసు. చేతిలో అట్టపెట్టె ఉంది.

"డిస్కులు తిరిగొచ్చాయమ్మా. కొన్ని కీచుమంటున్నాయట, కొన్నిటికి చారలు పడుతున్నాయట. వీలైతే చూడాలి."

పెట్టె తెరిచి ఒక డిస్కు అంచు తిప్పాను. ప్రతి డిస్కు మీదా ఏ రోజు ఏ కుండలో ఎన్నోదిగా పోసిందో గుర్తు కొట్టి ఉంటుంది. ఆ రోజుదే. ఆ కుండదే. అన్నీ అవే, నేను ఇంట్లో ఉన్న రోజుల్లో పరీక్ష లేకుండా వెళ్ళిపోయినవి.

ఆయన నేల చూపులు చూస్తున్నాడు. "వీలైతే... వేరేవాళ్ళ చేత చేయిద్దాం."

"మన దగ్గర వేరేవాళ్ళు ఎవరున్నారండీ?"

"లేరు" అని ఒప్పుకుని వెళ్ళిపోయాడు.

చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ముందు పోసిన డిస్కులోంచి వేలెడంత ముక్క, చివర పోసినదాంట్లోంచి ఇంకో ముక్క కోసి, కడిగి, ఆరబెట్టి, తూచి, మిషన్‌కి బిగించాను. మొదటిది ఉక్కు పళ్ళెం మీద పెట్టీపెట్టగానే మెరుస్తూ రేకులు రేకులుగా రాలింది. రెండోది దాదాపు అరగలేదు, కానీ కింద ఉన్న ఉక్కు మీదే గాడి పడింది. తూచక్కర్లేకుండానే తెలిసిపోతోంది. అయినా తూచాను. పొడి అడుక్కి దిగింది. కవ్వం ఆగింది.

ఆగితే ఆగింది, ఆ గొడవలో ఎవరు చూస్తారు అనుకున్నాను మొదట. మనిషి ఒరిగిపోతే ఆపే ఉంటారు. ఎంతసేపు ఆగిందన్నదే ప్రశ్న. ఇది నా ఉద్యోగంలో మామూలు ప్రశ్నే. దానికి జవాబు కూడా నా అలమరలోనే ఉంది.

పెళ్ళయ్యాక నేనిక్కడ పనిలో చేరిన కొత్తలో నేనూ మా ఆయనా కలిసి, కావాలనే కవ్వం ఆపి, కొంచెం కొంచెం ఎక్కువసేపు ఆగి, ప్రతిసారీ ముందు పడ్డ లోహాన్ని ముక్కగా పోసి పెట్టుకున్నాం. పోలిక చూసుకోడానికి. నిమిషాలు రాయవయ్యా అంటే వినలేదు ఆయన. డబ్బాల మీద ఆయన రాతలో "తుమ్మినంతసేపు", "టీ తాగినంతసేపు", "భోజనం చేసినంతసేపు" అని ఉంటుంది. ఆఖరి డబ్బా మీద "మా అత్తగారు వచ్చి వెళ్ళినంతసేపు" అని రాశాడు. దాంట్లో పైన ఒక్క రేణువు మిగల్లేదు. అత్తగారంటే మా అమ్మే. దాని మీద రెండు పూటలు మాట్లాడకుండా కూర్చున్నాను.

మొదటి డిస్కు ముక్కని అద్దంలా పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. తుమ్మినంతసేపు అయితే బాగుండు అనుకున్నాను. అలా అనుకున్నానని నాకే ఆశ్చర్యం వేసింది. చాలా రోజుల తర్వాత నేను కోరుకున్న మొదటి విషయం అది. తుమ్మినంతసేపు అయితే, ఆయన ఒరగడం, తమ్ముడు కేకెయ్యడం, కవ్వం ఆగడం, అచ్చులు నిండడం అన్నీ ఒకదాని మీద ఒకటి జరిగినట్టు. అంటే మా మరిది చెప్పింది నిజం.

తుమ్మినంతసేపు ముక్కతో పోల్చాను. అందులో నల్లటి రేణువులు ఆవాలు చల్లినట్టు ఒత్తుగా ఉన్నాయి. ఇందులో ఎక్కడో ఒకటి. టీ తాగినంతసేపు ముక్క పెట్టాను. అదీ కాదు. మూడోది పెట్టాను. ముక్క చోటు మార్చి చూశాను, దీపం పెంచి చూశాను, ఇంకో డిస్కు కోసి చూశాను. ఎటు తిప్పినా మూడోదే. భోజనం చేసినంతసేపు.

గబగబా తినే భోజనం కూడా కాదది.

అచ్చుల దగ్గర పనిచేసే మనిషిని అడిగాను. పోసింది అతనే. "మీ మరిదీ వాళ్ళూ ఆయన్ని ఎత్తుకుని గుమ్మం దాటారక్కా, నేను అటునుంచి కుండ వంచేశాను. వేడి పోతే అంతా దండగ కదా. నేనొచ్చేసరికే మోటారు ఆగి ఉంది." కేక విన్నాక ఎంతసేపటికి పోశావంటే, "ఎంతసేపేంటక్కా, పరిగెత్తుకొచ్చినంత" అన్నాడు.

అంటే కేకకి ముందే కవ్వం చాలాసేపు ఆగి ఉంది. పక్కన మనిషి ఉంటే ఆగిన కవ్వాన్ని అంతసేపు ఊరుకోడు. మా మరిది అసలే ఊరుకోడు. కాబట్టి అతను పక్కన లేడు. ఛాతీలో ఏదో అయి, మా ఆయనే ఆపుకుని, బల్ల మీద కూలబడి ఉంటాడు. తమ్ముడు బయట ఎక్కడో పోచికోలు కబుర్లు చెప్పుకుంటూ ఉంటాడు. భోజనం చేసినంతసేపు. చెయ్యెత్తి ఎవరినన్నా పిలిచాడేమో. ఆ మోటారు కూడా ఆగిపోయిన షెడ్డులో, ఒక్కడూ.

అప్పుడు కోపం వచ్చింది. ఎక్కడో దూరంగా ఉరిమినట్టు మొదలై దగ్గరికి వచ్చింది. రావడం మంచిదే అనిపించింది, కనీసం ఏదో ఒకటి వస్తోంది. నాకు అబద్ధం చెప్పాడు. నేను రోజుకి పదిసార్లు తడిమి చూసుకునే మాట, నా చేతిలో పెట్టిన ఆ ఒక్క మాట, కోడిగుడ్డు పెంకులాంటిది. లోపల ఏమీ లేదు.

ముక్కని గుప్పిట్లో పెట్టుకుని ఫర్నేసు దగ్గరికి వెళ్ళాను.

మా మరిది కవ్వం మీద ఉన్నాడు. ఇప్పుడు రెండు పనులూ ఒక్కడే చేస్తున్నాడు, కొత్త మనిషిని ఇంకా ఇవ్వలేదు. మోటారు రొద చేస్తోంది. కుండలో సుడి ఎర్రగా తిరుగుతోంది. పొడవాటి గరిటెతో పొడి పోస్తూ, నన్ను చూసి, "వదినా, మొహం మీద వేడి కొడుతుంది, ఇటు రా" అన్నాడు.

"ఆ రోజు కవ్వం ఎవరు ఆపారు?"

గరిటె ఆగలేదు. దాని లయ కూడా మారలేదు. "నేనే వదినా" అన్నాడు.

ఎన్నో జవాబులకి సిద్ధపడి వచ్చాను గానీ దీనికి కాదు.

"బయటికి పోయి వచ్చి ఆపావా?"

"ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉన్నా." సుడిలోకే చూస్తూ మాట్లాడుతున్నాడు. "పొడంతా పోసేశాం. ఇంకాస్త తిప్పి వంచెయ్యడమే. అన్నయ్య బల్ల మీద కూర్చున్నాడు. ముందు రోజు రెండు షిఫ్టులూ చేశాడు కదా. గోడకి ఆనుకుని కళ్ళు మూశాడు. కాసేపటికి గురక. ఇన్నేళ్ళలో అన్నయ్య పనిలో కునుకు తియ్యడం నేనెప్పుడూ చూళ్ళేదు వదినా. సచ్చినోడు ఇప్పటికి మనిషయ్యాడు అనుకున్నా." అన్నాక ఆ మాట అతనికే గుచ్చుకున్నట్టుంది. "ఈ రొదకి ఎక్కడ లేస్తాడో అని మోటారు ఆపా. ఒక్క ఐదు నిమిషాలు పడుకోనిద్దాం, దిగిన పొడి మళ్ళీ తిప్పితే లేస్తుంది, ఎవరికి తెలుస్తుంది అనుకున్నా."

రొదలో మాట వినపడక ఒక అడుగు దగ్గరికి జరిగాను.

"అది గురక కాదట కదా, గుండె ఆగుతుంటే ఊపిరి అలా లాగుతుందట. ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది, ఊపిరి గురకలా లాగాడా అని. లేదన్నాను."

"తర్వాత?"

"చెమటలు పట్టాయి. ఫర్నేసు పక్కన ఎవరికి పట్టవు? అట్టముక్క ఒకటి చింపి, పక్కన కూర్చుని విసిరా. కొంతసేపటికి గురక ఆగిపోయింది." అతని గొంతు ఆ రొదలో సగం వినపడింది, సగం పెదాల మీద చదువుకున్నాను. "గాఢనిద్ర పట్టిందనుకున్నా వదినా. అట్ట చప్పుడుకి లేస్తాడని ఇంకా మెల్లిగా విసిరా."

మోటారు తిరుగుతోంది.

"ఒరిగింది అప్పుడే. చాలాసేపటికి. భుజం మీద పడ్డాక తెలిసింది, నిద్రపోయే మనిషి బరువు అలా ఉండదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? అన్నయ్య పోతుంటే పక్కన కూర్చుని జోల పాడానని చెప్పనా? అమ్మకి చెప్పనా?" మొదటిసారి నా వైపు చూశాడు, వెంటనే కుండ వైపు తిప్పుకున్నాడు. "వదినా, నీకు తెలిసుంటుంది. ఆ డిస్కులు నీ దగ్గరికొచ్చాయంట కదా. ఎంతసేపు? నాకు తెలియట్లేదు. ఓసారి రెండు నిమిషాలే అనిపిస్తుంది. పడుకుంటే గంట అనిపిస్తుంది."

తుమ్మినంతసేపే అని చెప్పొచ్చు. నా గుప్పిట్లో ఉన్న ముక్క అతను చూడలేదు. కానీ ఇతను పొడి దిగడం తెలిసిన మనిషి, నా నోట్లోంచి పడ్డ అబద్ధాన్ని జీవితాంతం అనుమానిస్తాడు.

"భోజనం చేసినంత" అన్నాను.

తల ఊపాడు. ఇంకో గరిటె పొడి సుడిలోకి జారింది. ఒక్క రేణువు చిందలేదు.

లాగి చెంప మీద కొట్టాలనిపించింది. ఒక్కసారి భుజం తట్టి ఉంటే, ఒక్కసారి పేరు పెట్టి పిలిచి ఉంటే. ఆ కోపం నిజం, ఇప్పటికీ ఉంది, పోతుందని కూడా నేను చెప్పను. కానీ దాని పక్కనే ఇంకోటి వచ్చి కూర్చుంది. పొద్దున్నుంచి మైక్రోస్కోప్‌లో కళ్ళు పెట్టి ఆ సేపు తగ్గాలని, తగ్గాలని మొక్కుకున్నాను, ప్రతి నిమిషం ఆయన ఒక్కడే ఉన్న నిమిషమని. ఇప్పుడు ఆ సేపంతా ఆయన పక్కన ఒకడు కూర్చుని విసురుతున్నాడు. అందులోంచి ఒక్క నిమిషం తీసేస్తానంటే ఒప్పుకోలేను. ఆ షెడ్డులో నేనుంటే ఏం చేసేదాన్ని? మోటారు నేనే ఆపేదాన్ని. పైన కొంగు కూడా కప్పేదాన్ని.

"గాలి తగిలిందా ఆయనకి?" అని అడిగాను. పిచ్చి ప్రశ్నే.

"తగిలింది వదినా. నుదుటి మీద జుట్టు కదిలింది."

అది విన్నాక నాకు ఆయన నుదురు కనిపించింది. ఆయన పోయిన తర్వాత ఆయన మొహం నాకు కళ్ళ ముందు నిలవడం అదే మొదటిసారి. ఫొటోలో చూసినా రాలేదు. వేడి కొడుతున్నా ఆ బల్ల మీదే కూర్చుండిపోయాను. నొప్పి తెలిసింది. ఇంత ఉందా అనుకున్నాను.

అప్పుడే మా మేనేజరు వీలైతే వచ్చాడు, నా గదిలో లేనని వెతుక్కుంటూ. నన్ను ఆ బల్ల మీద చూసి ఇబ్బందిపడ్డాడు. "ఏమైనా తేలిందా అమ్మా?"

"కవ్వం ఆగింది. చాలాసేపు. ఆ కుండలో పోసినవన్నీ వెనక్కి తెప్పించి కరిగించెయ్యాలి, ఒక్కటి కూడా బండికి బిగించకూడదు."

"ఎవరు ఆపారు?"

మా మరిది వీపు నాకు కనిపిస్తోంది. గరిటె మొదటిసారి గాల్లో నిలిచింది. తనే చెప్పెయ్యబోతున్నాడని తెలిసిపోయింది.

"మా ఆయనే ఆపారు" అన్నాను. "ఒంట్లో బాగోలేక ఆపుకుని కూర్చున్నారు."

వీలైతే కనుబొమలు ముడిచాడు. చెడ్డవాడు కాదు, కానీ మేనేజరు. "తమ్ముడు పక్కనే ఉన్నాడని చెప్పారు కదమ్మా? పక్కన మనిషి ఉండగా అంతసేపు..."

"అది మా అత్తయ్య తట్టుకోలేదని చెప్పిన మాటండీ. అతను పొడి వేడి చేసే గదిలో ఉన్నాడు. వచ్చి చూసేసరికి ఒరిగిపోయి ఉన్నారు."

"అయితే ఆ టైములో ఇక్కడ..."

"ఎవరూ లేరండీ" అన్నాను. "ఆయన ఒక్కరే ఉన్నారు."

ఇన్ని రోజులూ ఏ మాట వినాల్సి వస్తుందో అని భయపడ్డానో ఆ మాట నా నోటితో నేనే అన్నాను. నిజం కాదని తెలిసి కూడా నొప్పి పెట్టింది. వీలైతే చేతిలో కాగితం మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. "పాపం" అన్నాడు, ఇంకేదో అనబోయి నాలిక కరుచుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఈ మాట షెడ్డంతా పాకుతుంది, వారంలోపు మా అత్తయ్య చెవిన కూడా పడుతుంది.

మా మరిది కుండ వదిలేసి నా వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అన్నయ్య ఒక్కడే లేడు వదినా."

"తెలుసు" అన్నాను. "నా వైపు కాదు, కుండ చూడు. పొడి పొయ్యి."